కోయి పాండ్‌కి ఎంత లోతు, ఎన్ని లీటర్లు? హైదరాబాద్ ఎండకు తగ్గ లెక్క

కొత్తగా విల్లా కొన్నవాళ్లు, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ కట్టుకుంటున్నవాళ్లు, సైనిక్‌పురిలో పాత ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా ఉన్నవాళ్లు, ఎవరైనా కోయి పాండ్ (రంగుల కోయి చేపలు పెంచే చిన్న నీటి గుంట) గురించి మొదట అడిగేది ఒకటే: "ఎంత లోతు తవ్వించాలి?" యూట్యూబ్‌లో వెతికితే ఒకాయన మూడడుగులంటాడు, ఇంకొకాయన ఆరడుగులు లేకపోతే కోయి జోలికే పోవద్దంటాడు, మేస్త్రీ వచ్చి "రెండడుగులు చాలు సార్, అందరికీ అంతే కట్టాం" అని తేల్చేస్తాడు. ఎవరి అనుభవం వాళ్లది. చిక్కంతా మనం అడిగే తీరులో ఉంది. లోతు ఒక ప్రశ్న, ఎన్ని లీటర్లు పట్టాలన్నది ఇంకో ప్రశ్న, రెండిటి వెనకా ఉన్న కారణాలు పూర్తిగా వేరు. ఎన్ని లీటర్లన్నది చేపలు తేలుస్తాయి: ఎన్ని ఉంటాయి, ఎంత తింటాయి, ఎంత విసర్జిస్తాయి. ఎంత లోతన్నది మన ఎండ తేలుస్తుంది. కాబట్టి ముందు చేపల లెక్క, దాన్నుంచి లీటర్లు, తర్వాత లోతు, చివరికి మిగిలేది పొడవు వెడల్పులు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. లాన్‌లో ఒక మూల చూసి, అందులో పట్టినంత గుంట తవ్వించి, ఆ తర్వాత ఎన్ని చేపలు వేయొచ్చని అడుగుతారు.

చేపలతో మొదలుపెడదాం. కోయి అంటే రంగుల కార్పు, మన చెరువుల్లో పెంచే బంగారుతీగకు దగ్గరి చుట్టం. జపాన్‌లోని నీగాట కొండల్లో వరి రైతులు తిండి కోసం పెంచుకున్న కార్పుల్లో రంగు పిల్లలు కనబడితే, 19వ శతాబ్దం తొలి రోజుల నుంచి వాటిని ఏరి పెంచుతూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శన తర్వాత అవి దేశమంతా పాకాయి. తిండి కోసం పెంచిన జాతి కదా, ఒళ్లు చేయడం దాని స్వభావం. షాపులో ప్లాస్టిక్ కవర్లో 3, 4 అంగుళాల పిల్లగా కనిపించేది సరిగ్గా చూసుకుంటే 2 అడుగుల దాకా పెరుగుతుంది. పైగా చలి దేశాల్లో శీతాకాలం నీళ్లు 10 డిగ్రీల కిందికి పోయినప్పుడు అది తిండి మానేసి అడుగున కదలకుండా ఉండిపోతుంది. మన దగ్గర ఆ విరామం లేదు. డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చలేసినా పాండ్ నీళ్లు అంత చల్లబడవు కాబట్టి ఏడాది పొడవునా తింటుంది, ఏడాది పొడవునా పెరుగుతుంది, ఏడాది పొడవునా నీళ్లను పాడుచేస్తుంది. అందుకే లెక్క ఎప్పుడూ పెరిగిన చేపకే వేయాలి, కవర్లో ఉన్న పిల్లకు కాదు.

"పెద్ద కోయి ఒక్కోదానికి 1,000 లీటర్లు" అని పెంచేవాళ్లు చెప్పుకునే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి లెక్క కట్టి చూస్తే మంచిది. ఒక్కోటి 2 కిలోలున్న కోయి చేపలు 5 ఉన్నాయనుకోండి. ఒంటి బరువులో 1 శాతం మేత పెడితే రోజుకు 100 గ్రాములు. అందులో 40 శాతం ప్రొటీన్ ఉంటే, తిన్నదాంట్లోంచి మొప్పల ద్వారా, విసర్జన ద్వారా నీళ్లలోకి వచ్చే అమ్మోనియా నైట్రోజన్ దాదాపు మూడున్నర గ్రాములు. 7,000 లీటర్ల పాండ్‌లో ఇది కలిస్తే లీటరుకు అర మిల్లీగ్రాము. 3,500 లీటర్ల పాండ్‌లో అయితే ఒక మిల్లీగ్రాము, అదీ ఒక్క రోజుకే. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దీన్ని ఎప్పటికప్పుడు హాని బాగా తక్కువైన నైట్రేట్‌గా మారుస్తూ ఉంటుంది, నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే, ఫిల్టర్ మళ్లీ పనిచేసేదాకా చేపలను కాపాడేది ఆ అదనపు నీళ్లే.

ఇక్కడ మన ఊరి నీళ్ల సంగతి కూడా కలుస్తుంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది విషం. ఎంత భాగం విషంగా ఉంటుందన్నది పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), వేడి నిర్ణయిస్తాయి. పీహెచ్ 7, నీళ్ల వేడి 25 డిగ్రీలు ఉంటే విషరూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలైతే 7, 8 శాతం. పీహెచ్ 8.5కి చేరితే అదే వేడిలో 20 శాతానికి దగ్గర. మన బోరు నీళ్లు చాలాచోట్ల లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు, పీహెచ్ 8 అటూ ఇటూ ఉండటం మామూలే. నీళ్లు పచ్చబడి ఉంటే ఆ నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని మధ్యాహ్నానికి పీహెచ్‌ను ఇంకా పైకి తీసుకుపోతుంది, సరిగ్గా నీళ్లు బాగా వేడెక్కే వేళకే. ఇందాకటి పాండ్‌లకే ఈ లెక్క వర్తింపజేస్తే, పీహెచ్ 8, 30 డిగ్రీల దగ్గర 7,000 లీటర్లలో ఒక రోజు విషరూపం లీటరుకు 0.04 మిల్లీగ్రాము, 3,500 లీటర్లలో 0.08. మొప్పలకు 0.02 నుంచి 0.05 మధ్యలోనే దెబ్బ తగలడం మొదలవుతుంది. ఫిల్టర్ లేకుండా ఒక్క రోజుకు ఇది. చల్లటి దేశంలో మెత్తటి నీళ్లతో పెంచేవాడు చెప్పిన చేపల సంఖ్యను ఇక్కడ అలాగే పట్టుకుంటే కుదరదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. నా లెక్కలో 5 చేపలకు 6,000 నుంచి 7,000 లీటర్లు ఉండాలి, చేపలు రెండే ఉన్నా సరే 5,000 కంటే తక్కువ కట్టొద్దు, ఎందుకంటే అంతకంటే చిన్న నీటిలో వేడి, పీహెచ్ రోజులోనే ఎక్కి దిగుతుంటాయి.

సరే, 6,800 లీటర్లు కావాలనుకున్నాం. కొలతల్లోకి మార్చడం తేలికే: పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అంటే 240 ఘనపుటడుగులు, అంటే 6,800 లీటర్లకు కాస్త అటూ ఇటూ. నేల మీద పట్టే జాగా 60 చదరపు అడుగులు, ఏడు గజాల లోపే. వినడానికి బాగానే ఉంది. కానీ కాగితం మీది ఈ అంకె తవ్విన గుంటలో అలాగే ఉండటం చాలా అరుదు. నీళ్లు అంచుదాకా నింపరు, పైన ఆరంగుళాలు వదులుతారు. 10 బై 6 పాండ్‌లో ఆ ఆరంగుళాల విలువ 850 లీటర్లు. అందుకే 4 అడుగుల నీళ్లు కావాలంటే తవ్వేది నాలుగున్నర ఉండాలి, అదీ అడుగున పోసే కాంక్రీటు మందం పక్కన పెట్టాక.

ఆకారం అంతకంటే ఎక్కువ మింగేస్తుంది. అందంగా ఉంటుందని గుడ్డు ఆకారం గీయిస్తారు. గోడలు నిలువుగా ఉంచితే 10 బై 6 బై 4 గుడ్డు ఆకారంలో 5,300 లీటర్లు పడతాయి. అదే గుడ్డును గిన్నెలా, అన్నివైపుల నుంచి మధ్యకు వాలుగా చెక్కితే 3,560 లీటర్లే. కొలతలు అవే, పొడవు అదే, వెడల్పు అదే, మధ్యలో కర్ర ముంచితే 4 అడుగులే చూపిస్తుంది, నీళ్లు మాత్రం సగమే. "మాది నాలుగడుగుల పాండే, అయినా చేపలు బతకట్లేదు" అనేవాళ్ల ఇంటికెళ్లి చూస్తే చాలాసార్లు ఇదే కథ. మొక్కల కుండీలు పెట్టడానికని చుట్టూ కట్టించే మెట్లు కూడా ఇలాగే లోపలి నీళ్లను తినేస్తాయి, పైగా కొంగ దిగి హాయిగా నిలబడటానికి చోటిస్తాయి. నిలువు గోడలు, కాస్త గుండ్రం చేసిన మూలలు, అడుగు మాత్రం మధ్యలోని బాటమ్ డ్రెయిన్ (అడుగు నీళ్లను బయటికి లాగే పైపు) వైపు కొద్దిగా వాలు. కోయికి ఇంతకంటే మంచి ఆకారం లేదు. మొక్కలు కావాలంటే వాటికి విడిగా చిన్న తొట్టి కట్టుకుని ఫిల్టర్ నీళ్లు అందులోంచి పంపొచ్చు.

అసలు లీటర్లు ఎన్నో కచ్చితంగా తెలియాల్సిన కారణం ఇంకొకటి ఉంది, మందులు. చేపలకు ఇబ్బందొస్తే మొదట వాడేది అయోడిన్ లేని ఉప్పు, 0.3 శాతం అంటే 1,000 లీటర్లకు 3 కిలోలు. 6,800 అనుకుని 20 కిలోలు వేశారు, లోపల ఉన్నది 3,560. అయినది 0.56 శాతం. ఉప్పయితే పెద్ద చేపలు ఎలాగోలా తట్టుకోవచ్చు. పొటాషియం పర్మాంగనేట్ అలా కాదు, 1,000 లీటర్లకు 2 గ్రాముల చొప్పున వేయాల్సింది దాదాపు రెట్టింపు పడితే మొప్పలు కాలిపోతాయి. కాబట్టి మొదటిసారి నింపేటప్పుడే కొలవండి. ట్యాంకర్‌తో అయితే అది ఎన్ని లీటర్లదో అడిగి, నింపాక ఎంత మిగిలిందో చూస్తే సరిపోతుంది. పైపుతో అయితే ఒక బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో చూసి, మొత్తం సమయంతో లెక్కేయొచ్చు. ఇంకా మంచిది చవక వాటర్ మీటర్ ఒకటి పైపుకు తగిలించడం. వచ్చిన అంకెను ఫిల్టర్ మూత మీద చెరగని ఇంకుతో రాసిపెట్టండి.

ఇప్పుడు లోతు. "మూడడుగులైనా ఉండాలి" అనే మాట మనదాకా వచ్చింది మంచు పడే దేశాల నుంచి. అక్కడ భయం, పైన నీళ్లు గడ్డకడితే అడుగున చేపకు చోటు మిగలాలని. హైదరాబాద్‌లో గడ్డకట్టే ప్రసక్తే లేదు కాబట్టి లోతు అక్కర్లేదని కొందరు మేస్త్రీలు అనుకోవడం సహజమే, కానీ మన భయం రెండో వైపు నుంచి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి 40 డిగ్రీలు దాటుతుంది. కోయికి హాయిగా ఉండేది 20 నుంచి 25 డిగ్రీల నీళ్లు, 30 దాకా సర్దుకుంటుంది, ఆపైన కష్టం. వేడి పెరిగేకొద్దీ నీళ్లు ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. మనం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం కాబట్టి దాంట్లోంచి ఇంకో 6 శాతం దాకా తగ్గుతుంది. అదే సమయంలో చేప ఒంట్లో పని వేగం పెరిగి, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపవుతుంది. దొరికేది తగ్గుతోంది, కావలసింది పెరుగుతోంది.

మణికొండలో తెలిసినవాళ్ల ఇంట్లో నల్ల గ్రానైట్ పరిచిన రెండడుగుల పాండ్ ఒకటి చూశాను, మే నెలలో. చేపలన్నీ చిన్న రాతి వంతెన నీడ కింద ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, మేత వేసినా కదల్లేదు, మొప్పల మూతలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంచు మీద చెయ్యి పెడితే కాలింది. చదరపు అడుగు మీద పడే ఎండ ఎక్కడైనా ఒకటే. దాని కింద 2 అడుగుల నీళ్లున్నాయా, 4 అడుగుల నీళ్లున్నాయా అన్నదాన్ని బట్టే పగటి పూట వేడి ఎంత ఎక్కుతుందో ఉంటుంది. నీళ్లు రెట్టింపైతే రోజులో ఎక్కే డిగ్రీలు దాదాపు సగమవుతాయి. పైగా భూమిలో కొన్ని అడుగుల కిందికి వెళ్తే మట్టి వేడి పగటి ఎండను పట్టించుకోకుండా ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది, మన దగ్గర అది 26, 27 డిగ్రీలు. నాలుగడుగులు భూమిలోకి దిగిన పాండ్ గోడలు మే నెలలో నీళ్లకు కొంత చల్లదనం ఇస్తాయి.

అలాగని లోతు ఒక్కటే చాలదు, ఇక్కడే చాలామంది రెండో వైపుకు జారిపోతారు. చోటు తక్కువుందని 5 బై 4 అడుగుల గుంటను 7 అడుగుల లోతు తవ్వితే లీటర్లు వస్తాయి, దాదాపు 4,000. కానీ ఆక్సిజన్ లోపలికి వెళ్లేది పైనున్న 20 చదరపు అడుగుల నుంచే. పైన వేడి నీళ్లు తేలికై పైనే ఉండిపోతాయి, అడుగున చల్లటి నీళ్లు కదలకుండా, మలం కుళ్లి ఆక్సిజన్ అయిపోయి ఉంటాయి. చేప చల్లదనం కోసం కిందికి పోతే ఊపిరాడదు, పైకొస్తే కాలుతుంది. లోతు పనికి రావాలంటే నీళ్లు పైకీ కిందికీ తిరగాలి. అడుగు నుంచి లాగే బాటమ్ డ్రెయిన్, అడుగున గాలి బుడగలు వదిలే ఎయిర్ పంపు, గంటా రెండు గంటలకు ఒకసారి మొత్తం నీళ్లు ఫిల్టర్ గుండా తిరిగే పంపు, ఈ మూడూ ఉంటేనే నాలుగడుగులు నిజంగా నాలుగడుగులు. తెల్లవారుజామున ఒకసారి లేచి చూడండి. రాత్రంతా నాచు, మొక్కలు, చేపలు అన్నీ ఆక్సిజన్ వాడేసి ఉంటాయి కాబట్టి నీళ్లలో అది అన్నిటికంటే తక్కువ ఉండేది అప్పుడే. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే కొలతలు ఎలా ఉన్నా ఆ పాండ్‌కు గాలి చాలట్లేదు. రాత్రి చప్పుడవుతోందని ఎయిర్ పంపు ఆపేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆపొద్దు, ఇన్వర్టర్ లైను దానికి కూడా ఇవ్వండి. అది లాగే కరెంటు చాలా తక్కువ.

ఎండాకాలం పొడి గాలి మనకు చేసే ఒక మేలు కూడా ఉంది. జలపాతంలా పైనుంచి నీళ్లు పడేలా చేస్తే ఆవిరి ఎక్కువై నీళ్లు చల్లబడతాయి, ఎయిర్ కూలర్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. వానాకాలం గాలిలో తేమ పెరిగాక ఇది అంతగా పనిచేయదు, అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. పడమటి ఎండ పడే చోటైతే షేడ్ నెట్టో, తీగ పాకిన పందిరో తప్పదు.

ఇవన్నీ కలిపి చూస్తే నా మాట నాలుగడుగుల నీళ్లు, చోటూ డబ్బూ ఉంటే నాలుగున్నర. ఐదు, ఆరు అడుగులు పోటీలకు చేపలు పెంచేవాళ్లకు పనికొస్తాయి, పెద్ద చేప ఈదే కొద్దీ ఒళ్లు బాగా తిరుగుతుంది. ఇంటి తోటకు ఆ లోతులో ఇబ్బందులే ఎక్కువ. గోడ మందం పెంచాలి, వల వేసి చేపను పట్టడం కష్టం, లోపల దిగి శుభ్రం చేయడానికి మనిషి నిలబడలేడు. నాలుగడుగుల్లో ఛాతీ దాకా నీళ్లలో నిలబడి పని చేసుకోవచ్చు.

ఇక రాయి. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, నార్సింగి వైపు రెండడుగులు తవ్వగానే గ్రానైట్ తగలడం మామూలే. జేసీబీ ఆగిపోతుంది, బ్రేకర్ తెప్పించాలి, ఖర్చు అక్కడి నుంచి అంచనా దాటిపోతుంది. అప్పుడు రెండడుగుల దగ్గరే ఆపేసి "ఇక్కడికి చాలు" అనుకోవద్దు. రెండడుగులు కిందికి, రెండున్నర అడుగులు పైకి గోడ లేపండి. కూర్చోవడానికి గట్టు అవుతుంది, రోడ్డు మీది వాననీళ్లు, తోటలో వేసిన ఎరువులు లోపలికి కొట్టుకురావు. బయటికి కనిపించే గోడ ఎండకు కాగుతుంది కాబట్టి పడమటి వైపు మధ్యలో ఖాళీ వదిలి రెండు వరసల గోడ కట్టించండి, లేదా ఆ గోడ పక్కన మొక్కలు పెంచండి. చిన్నపిల్లలున్న ఇల్లైతే ఈ గట్టును కూడా నమ్మొద్దు, కుర్చీ లాక్కుని ఎక్కేస్తారు. పిల్లలు పెద్దయ్యేదాకా పైన గట్టి గ్రిల్ ఉండాల్సిందే, దీంట్లో మొహమాటం వద్దు.

టెర్రస్ మీద కట్టాలనుకునేవాళ్లకు ఒక్క లెక్క చాలు. ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను. నాలుగడుగుల నీళ్లంటే చదరపు మీటరుకు 1,200 కిలోలు. జనం నడిచే మేడపైకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కేసే భారం చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే ఆరంగుళాల నీళ్లకు సమానం. స్ట్రక్చరల్ ఇంజనీర్ మొదటి నుంచి పాండ్ కోసమే డిజైన్ చేసి ఇస్తే తప్ప ఆ ఆలోచన మానుకోండి.

నీళ్ల ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకు: 7,000 లీటర్ల పాండ్‌లో వారానికి 10 శాతం మార్చాలి, నెలకు 2,800 లీటర్లు. ఎండాకాలంలో రోజుకు ఇంచుమించు సెంటీమీటరు ఆవిరైపోతుంది, 60 చదరపు అడుగుల పాండ్‌కు అది 56 లీటర్లు, నెలకు 1,700. మొత్తం నాలుగున్నర వేలు. 2021 నుంచి జలమండలి ఇళ్లకు నెలకు ఉచితంగా ఇస్తున్న 20,000 లీటర్లతో పోలిస్తే నాలుగో వంతుకు కాస్త తక్కువ. తీసిన నీళ్లు మొక్కలకు మంచి ఎరువు కాబట్టి వృథా కావు. ఆవిరైన మేరకు నింపుతూ పోతే చాలదా అంటే చాలదు, ఆవిరయ్యేది నీళ్లే, అందులోని లవణాలు పాండ్‌లోనే ఉండిపోతాయి, బోరు నీళ్లతో నింపే కొద్దీ అవి పేరుకుంటూ పోతాయి. మంజీరా నీళ్లయితే, అంటే జలమండలి కుళాయి నీళ్లయితే, క్లోరిన్ ఉంటుంది, నేరుగా పైపు పెట్టకుండా క్లోరిన్‌ను పోగొట్టే థయోసల్ఫేట్ వేసో, ఒకటి రెండు రోజులు డ్రమ్ముల్లో గాలి కొట్టించో వదలాలి.

ఇంత చోటు లేదు, 2,000 లీటర్లే కుదురుతాయి అంటే కోయి వద్దు. ఆ నీళ్లలో నీడలో, రెండు రెండున్నర అడుగుల లోతులో, చిన్న ఫిల్టర్‌తో గోల్డ్‌ఫిష్ పది దాకా ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉంటాయి. రంగుకు తక్కువేం కాదు, మనిషి అలికిడి వినగానే పైకి వచ్చేస్తాయి కూడా. కోయి కావాల్సిందే అంటే పాండ్ నింపి ఫిల్టర్ నడపడం మొదలుపెట్టాక రెండు మూడు పిల్లలతో మొదలుపెట్టి, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెలా నెలన్నర సమయం ఇచ్చి, అమ్మోనియా టెస్ట్ కిట్ సున్నా చూపించాకే మిగతావి తెచ్చుకోండి.